జకరయ్య అనుభవం అప్పగించిన వైనం

తాళ్లకుర్తి మున్సిపాలిటీలో నీళ్లు వదిలే కొండ్రు జకరయ్య ముప్పై మూడేళ్లపాటు తెల్లవారుజామున మూడున్నరకి లేచాడు. ఊళ్లో కోళ్లు ఆయన్ని చూసి కూస్తాయని ఒక మాట ఉండేది. అది కోసిన కోత అయితే కావచ్చు గానీ, ఆయన లేవకపోతే ఊళ్లో ఎవరికీ మొహం కడుక్కునే యోగం లేదన్నది మాత్రం నిజం.

పని చెప్పుకోడానికి చిన్నదే. నాలుగడుగుల ఇనప తాళం భుజాన వేసుకుపోవాలి. రోడ్డు కింద గుంటలో ఉన్న వాల్వుకి దాన్ని తగిలించి, పైన అడ్డకడ్డీ పట్టుకుని గానుగెద్దులా తిరగాలి. ఒక వీధికి విప్పాలి, ఇంకో వీధికి కట్టాలి. అట్లాంటి వాల్వులు ఊరి మొత్తానికి అరవై నాలుగు. మున్సిపాలిటీ వారు రోడ్డు వేసినప్పుడల్లా గుంటల మూతల మీదుగానే వేసుకుంటూ పోయారు గనక, ఏ వాల్వు ఎక్కడుందో దేవుడికీ జకరయ్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఒకప్పుడు పటం ఉండేది. చెదలు పట్టింది. ఇంకోటి గీయిద్దామా అని ఎవరో అడిగితే, "జకరయ్య ఉన్నాడుగా, కాగితం దండగ" అని ఫైలు మూసేశారు.

మనిషిని పటంలా వాడుకుంటే మడతల దగ్గర చిరుగుతాడు. జకరయ్య కుడి భుజం చిరిగింది. పెద్దాసుపత్రి డాక్టరు ఫోటో తీయించి చూసి, "ఇంకో ఏడాది ఆ తాళం తిప్పావంటే ఈ చెయ్యి ఇక చెయ్యిగా పనికిరాదు. చొక్కా తొడుక్కోడానికి కూడా మనిషి కావాలి" అన్నాడు. అప్పటికి జకరయ్యకి యాభై ఎనిమిది. ఉద్యోగంలో చేరినప్పుడు యాభై ఎనిమిదికి ఇంటికి పంపిస్తామన్నారు. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ గీతని అవతలికి జరిపారు. ముందు అరవై, తర్వాత అరవై రెండు. బస్సు ఎక్కబోతే డ్రైవరు రెండడుగులు ముందుకు పోనిస్తాడే, అట్లా.

"మానెయ్యవయ్యా," అంది రూతమ్మ, ఆయన భుజానికి ఆవనూనె రుద్దుతూ.

"మానెయ్యటం గాదే. స్వచ్ఛంద పదవీ విరమణ అంటారు దాన్ని."

"పేరేదైతే నాకేంది? చెయ్యి మిగలాలి."

"ఊరికి నీళ్లెవరు వదుల్తారు?"

"నువ్వు పుట్టకముందు ఈ ఊళ్లో జనం నాలిక పిడచకట్టి చచ్చారా? అయినా ఊరిగోల నీకెందుకు? ముప్పై మూడేళ్లు నీళ్లు వదిలావు, మన పేటకి ఒక్క బిందెడు తెచ్చావా? నేను ఇయ్యాళ్టికీ బోరింగు కొట్టుకుంటన్నా."

పేట ఎత్తు మీద ఉందనీ, అక్కడికి నీళ్లు ఎక్కవనీ మున్సిపాలిటీ వారు ఏనాడో తేల్చారు. కమిషనర్ బంగళా అంతకంటే ఎత్తు మీద ఉంది. అక్కడికి మాత్రం నీళ్లకి మెట్లు దొరికాయి.

ఆ రోజే నాలుగు ముక్కల్లో దరఖాస్తు రాసుకుని ఆఫీసుకి పోయాడు.

*

మేనేజరు పసుమర్తి సీతాపతి ఆ దరఖాస్తుని రెండు వైపులా చూశాడు. వెనకవైపు ఏమీ లేనందుకు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

"పోతానంటావు."

"భుజం పోయిందయ్యా. ఇంక నన్ను వదిలెయ్యండి."

"వదలక ఏం చేస్తాం? అయితే ముందు లెక్క తేలాలి. నీ దగ్గర మున్సిపాలిటీ ఆస్తి ఏమేముంది?"

"ఇనప తాళం. లీకు వినే చువ్వ. టార్చిలైటు. వానకోటు. వానకోటుకి చేతుల్లేవు, ఇచ్చినప్పుడే లేవు."

"రాసుకున్నా. ఇంకా?"

"ఇంకేం లేవయ్యా."

"అనుభవం?"

జకరయ్య జేబు తడుముకున్నాడు. తర్వాత ఆ మాట జేబులో ఉండేది కాదని తోచి ఊరుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, కొత్త కమిషనర్ నిశాంత్ గారు ఆ నెలలోనే రాజధానిలో అయిదు రోజుల శిక్షణకి పోయి వచ్చారు. ఉద్యోగుల బుర్రల్లో ఉన్నదంతా సంస్థ సంపద అనీ, వాళ్లు రిటైరై పోతూ దాన్ని ఇంటికి మోసుకుపోవడం వల్లే దేశం ఇట్లా ఉందనీ అక్కడ చెప్పారట. కమిషనర్ గారు అక్కణ్ణించి ఒక సంచీ, ఒక నీళ్ల సీసా, ఒక ఆలోచన తెచ్చుకున్నారు. సంచీ, సీసా ఎవరికీ హాని చేయలేదు. ఆలోచన మాత్రం సర్క్యులర్ అయింది.

"చేరినప్పుడు నీకు అనుభవం ఉందా?" అన్నాడు సీతాపతి.

"లేదయ్యా. పాతికేళ్లవాణ్ణి."

"ఇప్పుడుందా?"

"ఉంది."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

"పనిచేస్తే వచ్చింది."

"ఎవరి పని? ఎవరి వాల్వు? ఎవరి జీతం?"

"మున్సిపాలిటీదే."

"మరి అనుభవం ఎవరిదవుతుందయ్యా? కౌలు రైతు పొలం వదిలేస్తూ పంట నెత్తిన పెట్టుకుపోతాడా?"

పంట కౌలు రైతే తీసుకుపోతాడని జకరయ్యకి తెలుసు. కానీ మేనేజరుతో వ్యవసాయం మాట్లాడి బాగుపడ్డవాడు లేడని కూడా తెలుసు.

కమిషనర్ గారు లోపలికి పిలిచారు. ముప్పై రెండేళ్ల మనిషి, ఇస్త్రీ నలగని మాట. "జకరయ్య గారూ, కూర్చోండి" అన్నారు. ఆఫీసులో తనని గారూ అన్నారంటే ఏదో మూడిందని జకరయ్య నిలబడే ఉన్నాడు.

"మీరు కేవలం కార్మికులు కాదు. మీరొక సజీవ భాండాగారం. మూడు దశాబ్దాల సంస్థాగత జ్ఞానసంపద మీలో నిక్షిప్తమై ఉంది."

జకరయ్య మేనేజరు వంక చూశాడు. "గోడౌను అంటున్నారు నిన్ను," అన్నాడు సీతాపతి చిన్నగా.

"ఆ సంపదను లాంఛనంగా అప్పగించిన మరుక్షణం మీ దరఖాస్తు మీద సంతకం పెడతాను," అన్నారు కమిషనర్ గారు. "అంతవరకూ యథావిధిగా విధులకు హాజరు కండి."

యథావిధిగా అంటే మూడున్నరకి.

*

అప్పగింత కౌన్సిల్ హాల్లో పదకొండు రోజులు జరిగింది. జకరయ్య తెల్లవారుజామున వాల్వులు తిప్పి, పదిన్నరకి వచ్చి వాటి గురించి చెప్పేవాడు. సీతాపతి ఎర్రగుడ్డ అట్ట వేసిన రిజిస్టరులో రాసేవాడు.

"మూడో వార్డు వాల్వు ఎక్కడుంది?"

"సాయిబు సోడా కొట్టు కాడ నిలబడాలయ్యా."

"ఆ కొట్టు ఎక్కడుంది?"

"పడగొట్టి పదహారేళ్లయింది."

"మరి నువ్వెక్కడ నిలబడతావు?"

"కొట్టు కాడే."

"లేని కొట్టు దగ్గరా?"

"నిలబడితే ఉంటదయ్యా."

సీతాపతి కలం పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకున్నాడు. "సరే, నిలబడ్డావు. తర్వాత?"

"హోటలు వైపు మొహం పెట్టి దోసె వాసన తగ్గిందాకా నడవాలి. అక్కడ కాలికింద నేల ఒక రకంగా ఉంటది."

"ఏ రకంగా?"

"కింద ఏదో ఉన్నట్టు."

"జకరయ్యా, దోసె వాసన ప్రభుత్వ గుర్తింపు పొందిన సరిహద్దు కాదు. రేపు ఆడిట్ వాళ్లు వచ్చి ఈ వాసన ఎవరు మంజూరు చేశారని అడిగితే నేనేం చెప్పను?" అంటూ ఆలోచించి, "మూడవ వార్డు వాల్వు: కార్మికుడు స్వయంగా చూపిన స్థలమునందు కలదు" అని రాశాడు. రాసుకున్న వాక్యం ఎంత నచ్చిందంటే, మిగతా అరవై మూడింటికీ అదే రాసుకుంటూ పోయాడు.

తర్వాత చెవి పని వచ్చింది. నేల మీద ఇనప చువ్వ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే కింద గొట్టం ఎక్కడ కారుతోందో జకరయ్యకి తెలిసిపోతుంది. ఎట్లా తెలుస్తుందని అడిగారు.

"సన్న లీకైతే పిల్లి పాలు తాగినట్టు ఉంటదయ్యా. అతుకు వదిలితే ముసలామె లోపల్లోపల గొణుక్కున్నట్టు. గొట్టం పగిలితే ఇంక చెప్పక్కర్లా, చువ్వ అవసరమే లేదు."

రిజిస్టరులో అవి "మార్జాల క్షీరపాన ధ్వని", "వయోవృద్ధ మహిళా అస్పష్ట భాషణము" అయ్యాయి. మూడోదానికి ఎదురుగా "ఉపకరణము అనవసరము" అని ఉంది. రెండు వందల పద్నాలుగు పేజీలు. పూర్తయిన రోజున కమిషనర్ గారు శాలువా కప్పారు, ఫోటో తీయించారు, రిజిస్టరుని ఇనప బీరువాలో పెట్టి సీలు వేయించారు. విలువైన సంపద గనక తమ రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని ఎవరూ తెరవకూడదని ఉత్తర్వు ఇచ్చారు.

"ఇంక పొయ్యిరానా అయ్యా?" అన్నాడు జకరయ్య, శాలువా మడిచి చంకలో పెట్టుకుంటూ. కుడి చంక కిందకి అది పోలేదు. ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి దూర్చుకోవాల్సి వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు సీతాపతి.

"అప్పగించా గదయ్యా."

"అప్పగించావు. నీ తలలో ఇంకా ఉందా లేదా?"

"ఉంటది గదయ్యా, యాడికి పోద్ది?"

"అదే చిక్కు. అసలు బీరువాలో ఉంది. నీ తలలో ఉన్నది నకలు. గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ లేని నకలు. రేపు నువ్వు దాన్ని బయట వాడుకుంటే? ఏ అపార్టుమెంటు వాడికో లీకు వెతికిపెడితే? మున్సిపాలిటీ ఆస్తి ప్రైవేటు పరం అయినట్టేగా?"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

సీతాపతి గొంతు సవరించుకుని చదివాడు. "సదరు ఉద్యోగి తన యందు మిగిలియున్న అనధికార నకలును సంపూర్ణముగా విస్మరించి, తత్సంబంధమైన పరీక్షయందు ఉత్తీర్ణుడై, విస్మరణ ధ్రువపత్రమును సమర్పించవలెను." కాగితం దించి, "మర్చిపోవాలయ్యా," అన్నాడు దయగా.

*

విస్మరణ పరీక్షలో ఉత్తీర్ణత మార్కులు సున్నా. ఒక్క ప్రశ్నకి సరైన జవాబు చెప్పినా తప్పినట్టు. జకరయ్య అయిదో తరగతితో బడి మానేసినవాడు. ఆ అయిదేళ్లలో సున్నాకి దెబ్బలు తినడమే గానీ సున్నా కోసం కష్టపడాల్సి వస్తుందని ఏ మేష్టరూ చెప్పలేదు.

మొదటిసారి కమిషనర్ గారే అడిగారు. "మూడో వార్డు వాల్వు ఎక్కడుంది?"

"తెలవదండి."

"ఇంత త్వరగానా? నిజంగా మర్చిపోయినవారు కాసేపు ఆలోచిస్తారు. ప్రశ్న వినగానే తెలియదన్నారంటే తెలిసి దాస్తున్నట్టే. తప్పింది."

రెండోసారి జకరయ్య కాసేపు ఆలోచించాడు. గడ్డం గీరుకున్నాడు. "గంగాలమ్మ గుడి వెనకండి," అన్నాడు. అక్కడ వాల్వు లేదు.

"తప్పు జవాబు," అన్నాడు సీతాపతి సంబరంగా.

"ఆగండి," అన్నారు కమిషనర్ గారు. "అరవై నాలుగు చోట్లనూ తప్పించుకుని, లేనిచోటే సరిగ్గా చెప్పారంటే ఉన్నచోట్లన్నీ గుర్తున్నట్టేగా? తప్పింది."

జకరయ్యని విస్మరణ సామర్థ్య శిక్షణకి వేశారు. రాజధాని నుంచి ఒక శిక్షకుడు వచ్చి మూడు రోజులు కూర్చోబెట్టాడు. ఏమేం మర్చిపోవాలో ముందు స్పష్టంగా గుర్తుంచుకోవాలని ఆయన సిద్ధాంతం. అందుకని అరవై నాలుగు వాల్వుల జాబితా రోజుకి రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. శిక్షణకి ముందు జకరయ్యకి నలభై ఒకటో వాల్వు ఎన్ని చుట్లు తిరగాలో కొంచెం అనుమానంగా ఉండేది. శిక్షణ అయ్యాక ఆ అనుమానం కూడా లేదు.

మూడోసారి నడక పరీక్ష పెట్టారు. బజారులో ముందు జకరయ్య, వెనక అధికారులు. ఎక్కడా ఆగకూడదు, కిందికి చూడకూడదు. ఆయన ఆకాశం చూస్తూనే నడిచాడు. కానీ మూడో వార్డు మలుపు దగ్గర కుడికాలు తనంతట తనే ఒక అడుగు పొడుగ్గా వేసింది. ముప్పై మూడేళ్ల నుంచి అక్కడ మూత తడుతుందని దాటే కాలు అది.

"కాలు మర్చిపోలేదు," అని రాసుకున్నారు కమిషనర్ గారు.

ఇవన్నీ జరుగుతున్నన్నాళ్లూ పరీక్ష తప్పిన మనిషి విధుల్లో ఉన్నట్టే గనక రోజూ మూడున్నరకి లేవాల్సిందే, అరవై నాలుగూ తిప్పాల్సిందే. తిప్పితే గుర్తుంటుంది. గుర్తుంటే తప్పుతాడు. తప్పితే తిప్పాలి. నెలన్నర గడిచింది. భుజం వాచి మెడతో కలిసిపోయింది. ఒకరోజు అన్నం ఎడమ చేత్తో తింటూ రూతమ్మ కంటబడ్డాడు.

ఆమె కంచం ముందు కూలబడింది.

"నీకు మర్చిపోటం చేతగాట్లేదు."

"మూడు రోజులు నేర్పించినా రాలా."

"వాడెవడో నేర్పేదేంది? నువ్వు ముప్పై మూడేళ్లు ఆ ఆఫీసుకి పోతన్నావు. ఏమీ తెలవనోళ్లు ఎట్టా మాట్లాడతారో నీకు తెలవదా? రోజూ వినేదేగా."

జకరయ్య ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"నేను బోరింగు పాడైందని ఆరుసార్లు పోయా," అంది రూతమ్మ. "ఆరుసార్లూ ఆరు రకాలుగా చెప్పారు. ఒక్కడన్నా తెలవదన్నాడా? తెలిసిన ముక్క ఒకటన్నా చెప్పాడా? అట్టా చెప్పు."

నాలుగో పరీక్షకి జకరయ్య శాలువా కప్పుకుని వెళ్లాడు. నిలబడలేదు, కూర్చున్నాడు.

"మూడో వార్డు వాల్వు ఎక్కడుంది?"

"ఆ విషయం పరిశీలనలో ఉన్నదండి."

కమిషనర్ గారు తలెత్తారు. "నలభై ఒకటో వాల్వుకి ఎన్ని చుట్లు?"

"సంబంధిత విభాగం నుంచి నివేదిక రావాల్సి ఉందండి. రాగానే తగు చర్య తీసుకుంటాం."

"గొట్టంలో పిల్లి పాలు తాగిన చప్పుడు వస్తే దాని అర్థం?"

"అది నేను రాకముందు జరిగిందండి."

సీతాపతికి ఎందుకో ఆ జవాబులు సొంత ఇంట్లో విన్నట్టు అనిపించాయి. కాలు సంగతి తేల్చడానికి బజారుకి బయల్దేరదీశారు. "జీపు తెప్పించండి. అద్దాలు పైకెత్తి ఉంచండి. లోపల్నించే చూస్తాను," అన్నాడు జకరయ్య. మూడో వార్డు మలుపులో జీపు వాల్వు మీద నుంచే పోయింది. ఆయన అటు చూడనైనా చూడలేదు. ఫోను చూసుకుంటున్నాడు. అది రూతమ్మ ఫోను, ఛార్జింగు కూడా లేదు.

"అద్భుతం," అన్నారు కమిషనర్ గారు. "ఇంత పరిపూర్ణమైన విస్మరణ నా సర్వీసులో చూడలేదు." ఆయన సర్వీసు నాలుగేళ్లు. సున్నా మార్కులు వేసి, ధ్రువపత్రం మీద తనే సంతకం పెట్టారు.

*

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. రూతమ్మ ఆ పొద్దున పరమాన్నం వండింది.

సీతాపతి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "పేరా ఒకటి. స్వచ్ఛంద పదవీ విరమణ కోరు ఉద్యోగికి కనీసము ఇరవై సంవత్సరముల అనుభవము ఉండవలెను. పేరా రెండు. దరఖాస్తుదారుకు అనుభవము ఏమియు లేదని సాక్షాత్తు కమిషనర్ వారిచే ధ్రువీకరింపబడినది. పేరా మూడు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది."

జకరయ్య పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

"అంటే, ఇంకో ఇరవై ఏళ్లా?"

"లెక్క ప్రకారం అంతే. మధ్యలో అరవై రెండు వస్తుందనుకో, అప్పటికి నీ అనుభవం నాలుగేళ్లదేగా, అప్పగింత తొందరగానే అయిపోతుంది. నేనేం చేసేది జకరయ్యా? రూలు నేను కనలేదు."

జకరయ్య కుడి చేతి వంక చూసుకున్నాడు. అది ఒళ్లో వేరేవాళ్లు మర్చిపోయి వెళ్లిన సామానులా పడి ఉంది. ఈ చెయ్యి ఇంక పోయినట్టేనని, రూతమ్మకి ఏ మొహంతో చెప్పాలని అనుకుంటున్నాడు. సీతాపతి గొంతు ఆగకుండా సాగుతోంది.

"పేరా నాలుగు. సదరు ఉద్యోగిని అనుభవరహితునిగా, నూతన శిక్షణార్థిగా పరిగణించవలెను. పూర్తి శిక్షణ పొంది నైపుణ్యము సాధించువరకు అతనిని వాల్వులను, తాళమును తాకనీయరాదు. సీనియర్ అధికారి ఒకరు స్వయంగా పనిచేసి చూపుచు శిక్షణ ఇవ్వవలెను. అయిదు. ప్రతి..."

"అయ్యా," అన్నాడు జకరయ్య. "నాలుగోది ఇంకోసారి చదవండి."

సీతాపతి చదివాడు.

"తాకనీయరాదు అంటే?"

"ముట్టుకోకూడదని."

"ఎవరు?"

"నువ్వే."

"చూపించే సీనియర్ అధికారి ఎవరయ్యా?"

సీతాపతి కాగితంలో కిందికి వెతికాడు. ఆరో పేరాలో తన పేరే ఉంది. ఆ ఉత్తర్వు ముసాయిదా రాసింది కూడా ఆయనే. ఆయన రాసినవి ఆయన చదివే అలవాటు లేదు.

*

శిక్షణ ఆఫీసు వేళల్లోనే జరగాలి గనక తాళ్లకుర్తిలో నీళ్లు వదిలే ప్రయత్నం పదిన్నరకి మొదలైంది. అనుమతి తెచ్చి, సీలు పగలగొట్టి, రిజిస్టరు మూడో వార్డుకి మోసుకొచ్చారు. సీతాపతి పేజీ తిప్పి పైకి చదివాడు. "కార్మికుడు స్వయంగా చూపిన స్థలమునందు కలదు."

చదివి జకరయ్య వంక చూశాడు. జకరయ్య కొత్తగా కొన్న నోటుపుస్తకం తెరిచి, ఆ వాక్యం శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఎక్కడయ్యా అది?"

"నేర్చుకునేవాణ్ణి, నాకేం తెలుసయ్యా? మీరు చూపిస్తే చూస్తా."

సీతాపతి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇక్కడెవరూ లేరు. చెప్పెయ్యి."

"చెప్పానంటే సర్టిఫికెట్ అబద్ధమైపోద్ది. దాని మీద సంతకం కమిషనర్ గారిది. మీకు సరేనంటే చెప్తా."

సీతాపతికి సరే కాలేదు. తవ్వించారు. మొదటి రోజు టెలిఫోను తీగలు దొరికాయి. రెండో రోజు ఎవరిదో మురుగ్గొట్టం. మూడో రోజు సాయంత్రం అయిదింటికి పన్నెండు గుంటల తర్వాత వాల్వు దొరికింది. అప్పటికే ఆఫీసు వేళ అయిపోయింది గనక నాలుగో రోజు దాకా ఆగారు. ఈలోపు ఊరు ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. బిందెలతో తన్నుకుంది. కమిషనర్ బంగళాలో మినరల్ వాటరుతో స్నానాలు జరిగాయి. ఎత్తు మీదున్న పేటలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆడవాళ్లు ఎప్పట్లాగే బోరింగు కొట్టుకున్నారు. కిందనుంచి బిందెలు పట్టుకుని ఎక్కి వచ్చినవాళ్లని చూసి, "మీక్కూడా ఎత్తయిందా అమ్మా?" అని రూతమ్మ అడిగింది. పాపం, నిజంగానే అడిగింది.

సీతాపతి తాళం తగిలించి, చొక్కా చేతులు మడిచి తిరిగాడు. ఆరు చుట్లకి చెమట, పదకొండుకి దగ్గు. పంతొమ్మిదో చుట్టుకి అరచేతులు బొబ్బలెక్కాయి. జకరయ్య వేపచెట్టు నీడన స్టూలు మీద కూర్చుని అంకెలు వేసుకుంటున్నాడు.

"అర్థమైందా?"

"పదకొండు దాకా అర్థమైందయ్యా. అక్కడ మీరు ఆగి దగ్గారు గదా, ఆ దగ్గటం కూడా పనిలో భాగమా? మళ్లీ మొదట్నించి చూపించండి."

శిక్షణార్థికి పూర్తిగా అర్థమయ్యేవరకు చూపవలెనని ఏడో పేరా. అదీ ఆయన రాసిందే.

మూడో వారం సీతాపతి స్వచ్ఛంద పదవీ విరమణకి దరఖాస్తు పెట్టాడు. జకరయ్యకి పట్టినట్టు పదకొండు రోజులేం పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం అప్పగించడానికి అరఠావు సరిపోయింది, దాంట్లోనూ కింద ఖాళీ మిగిలింది. విస్మరణ పరీక్షలో శిక్షణ అవసరం లేకుండానే మొదటిసారే సున్నా తెచ్చుకున్నాడు. దరఖాస్తు తిరస్కరించారు. మర్నాడు తన స్టూలు తనే తెచ్చుకుని వేపచెట్టు కింద జకరయ్య పక్కన వేసుకున్నాడు. బొబ్బలకి వెన్న రాసుకుంటూ, "పేరా నాలుగు బాగా వచ్చింది గదూ?" అన్నాడు. జకరయ్య జరిగి నీడలో చోటిచ్చాడు.

సంగతి తెలిసిన ఆఫీసు ఊరుకుంటుందా? ఇంజనీరు పెట్టాడు, అక్కౌంటెంటు పెట్టాడు, శానిటరీ ఇన్‌స్పెక్టరు పెట్టాడు. అందరూ సున్నాలే. నెలాఖరుకి తాళ్లకుర్తి మున్సిపాలిటీలో ధ్రువీకరించిన అనుభవరహితులు ముప్పై ఎనిమిది మంది తేలారు. స్టూళ్లు చాలక కౌన్సిల్ హాలు బెంచీలు మోయించారు. అనుభవం ఉన్నట్టు రికార్డుల్లో మిగిలింది ఒక్కరే. ఆయన దరఖాస్తు పెట్టుకుందామంటే సర్వీసు నాలుగేళ్లే.

ఆ సోమవారం పదిన్నరకి కమిషనర్ నిశాంత్ గారు జీపు దిగారు. ఇస్త్రీ చొక్కా మీద నుంచి గుర్తింపు కార్డు తీసి జేబులో పెట్టుకున్నారు. ముప్పై ఎనిమిది మంది నోటుపుస్తకాలు తెరిచారు. ఆయన ఇనప తాళాన్ని వాల్వుకి తగిలించి, నడుం వంచకుండా, బరువంతా కుడి చేతి మీదే వేసి ఒక్క గుంజు గుంజారు. జకరయ్య ఉన్నచోటికి కూడా భుజంలో టక్కుమన్న చప్పుడు వినపడింది. తనకది మొదటిసారి వినపడ్డ రోజు ఇంకా గుర్తే. ఆ రోజునే ఎవరైనా నిదానంగా తిప్పవయ్యా, కాళ్లమీద బరువెయ్యి, లేకపోతే జన్మలో చెయ్యి లేవదు అని చెప్పి ఉంటే బాగుండేది. కమిషనర్ గారు పళ్లు బిగించి రెండో గుంజుకి సిద్ధమవుతున్నారు. పిల్లవాడు, ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసుంది.

"సార్," అన్నాడు జకరయ్య, లేచి నిలబడి.

కమిషనర్ గారు తలెత్తారు. పక్కన సీతాపతి చొక్కా అంచు పట్టి లాగాడు.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అది అనుభవం. అనుభవం మున్సిపాలిటీది.

"ఏం లేదండి," అని కూర్చుని, నోటుపుస్తకంలో ఒకటో చుట్టు వేసుకున్నాడు.